పది వేళ్ళ ముద్ర

చెంపదెబ్బ తిని చేతులు ముడుచుకుని నిలబడటం, నాచ్చియార్ పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. కర్పగం కొట్టిన దెబ్బకు చెవిలో జీరంగి దూరినట్టు రొద పుట్టింది. ముక్కుపుడక లోపలికి గుచ్చుకుని పైపెదవి మీదికి నెత్తురు దిగింది. చోళపురంలో ఆ ఇంటి వాకిట కట్టేసిన తెల్ల వేటకుక్క గొలుసు తెంచుకునేంతగా ఎగిరెగిరి మొరుగుతోంది.

"ఏమే, కొట్టవేమి? నీ చెయ్యి ఏమాయె? చచ్చిపోయెనా?" అంటూ కర్పగం రెండో చెంపకు చెయ్యెత్తింది.

నాచ్చియార్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఒక చేత్తో రెండో చేతి మణికట్టు పట్టుకుని, గేదెను కట్టుకొయ్యకు బిగించినట్టు బిగించింది.

"కొట్టుక్కా. నీకు ఆశ తీరేదాకా కొట్టు. నేను ఇప్పుడు చెయ్యి ఎత్తేదానికి లేదు."

రెండో దెబ్బా పడింది. తోడికోడలు తిరిగి కొట్టదని తేలాక కర్పగానికి కొట్టడంలో రుచి పోయింది. అరుగు మీద కూర్చున్న ఆమె మొగుడు కుమారసామి మాత్రం నవ్వాడు. కుడి చేతికి ఉన్న మూడు వేళ్ళతో తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "అరువాళు మొద్దుబారినాదిలే, కర్పగం" అన్నాడు.

ఎత్తకూడని చెయ్యి సంగతి చెప్పాలంటే ముందు ఎత్తిన చెయ్యి సంగతి చెప్పాలి.

నాచ్చియార్ మంసాపురంలో పుట్టింది. కొండ కింది చేను. వేరుశనగ ఊరే కాలంలో అడవిపందులు మందగా దిగేవి. తండ్రి కుక్కల్నీ, వాటితోపాటు కూతురినీ కాపలాకు తీసుకుపోయేవాడు. ఒకసారి ముసలి పంది ఒకటి కుక్క పొట్ట చీల్చి, పేగులు కోరకు వేలాడేసుకుని ఆమె మీదికే వచ్చింది. తండ్రి తన చేతిలోని అరువాళు ఆమె చేతిలోకి విసిరాడు. ముందుకు వంగిన మొనతో కొబ్బరిమట్టకైనా మెడకైనా ఒకేలా పనికొచ్చే కత్తి అది. "చూస్తా నిలబడితే నీ కడుపు చీలుస్తాది. ముందు నువ్వు కొట్టు!" అని అరిచాడు. ఆమె కొట్టింది. బడిలో అక్షరాలు దిద్దకముందే ఆమె నేర్చుకున్న పాఠం అది. ఆ ఇంట్లో ప్రతి ఒక్కరూ ఎవరినో ఒకరిని కొట్టేవాళ్ళు. కొట్టడానికి ఎవరూ లేని అమ్మ బట్టల్ని బండకేసి చిరిగేదాకా బాదేది.

పెద్దదయ్యాక శ్రీవిల్లిపుత్తూరు బస్సులో నడుము గిల్లినవాడి పళ్ళు సద్దిగిన్నెతో రాలగొట్టింది. చోళపురం శంకరకు ఇచ్చి పెళ్ళి చేస్తే, అత్త మొదటి వారమే ఒక దెబ్బ వేసింది. ఆ చెయ్యిని నాచ్చియార్ గాల్లోనే పట్టుకుని మెలిపెట్టింది. రెండో దెబ్బ ఇక లేదు.

శంకర ఎద్దుల మీద కూడా చెర్నాకోల వాడని మనిషి. "వానికి దేవుడు నోరు పెట్టినాడు, మాట పెట్టేది మరిచినాడు" అనేవాళ్ళు ఊళ్ళో. అతన్ని కొట్టేవాడు అన్న కుమారసామి ఒక్కడే. చిన్నప్పటి నుంచీ కొట్టేవాడు. పెళ్ళయి, కూతురు దర్శిని పుట్టాక కూడా కొట్టేవాడు.

బావి ఉమ్మడిది. నీళ్ళు వంతుల మీద పారేవి. బావి అడుగంటిన ఒక ఎండాకాలం అన్న వంతు ముగిసినా మడవ తిప్పలేదు. శంకర పోయి తిప్పాడు. మాట పెరగలేదు; శంకరకు మాటలు రావు గదా. కుమారసామి తమ్ముణ్ణి కాలువలోకి తోశాడు. లేవబోతున్న మెడ మీద కాలు పెట్టి బురదలోకి తొక్కాడు. మమ్మట్టి పారను రెండు చేతులా తలకు పైకెత్తాడు.

గట్టు మీద గడ్డి కోస్తున్న నాచ్చియార్ చూసింది. అరవలేదు. అరిస్తే ఆగే మనిషి కాడని తెలుసు. పరిగెత్తి వచ్చిన ఊపు ఆపకుండా, పార కర్ర మీద బిగిసివున్న కుడి చేతి మీద అరువాళుతో కొట్టింది. చిటికెన వేలూ దాని పక్క వేలూ తెగి కాలువలో పడ్డాయి. ఒకటి గడ్డి దుబ్బుకు చిక్కుకుంది. ఇంకొకటి నీళ్ళతోపాటు నడిచి, శంకర తిప్పిన మడవలోంచి శంకర చేలోకే పోయింది. కుమారసామి తెగిన చేతిని చూసుకుంటూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నాచ్చియార్ రెండోసారి అరువాళు ఎత్తింది. బురదలోంచి లేచిన శంకర ఆమె కాళ్ళు పట్టుకుని లాగకపోతే ఆ రోజు మెడే తెగేది.

ఆసుపత్రి వాళ్ళు పోలీసులకు చెప్పారు. కేసు రాసుకున్నారు. కాని ఆ వంశంలో అంతకంటే పాత కోర్టు ఒకటుంది. అయినవాళ్ళ మధ్య నెత్తురు పడితే పెద్దలు ఇద్దరినీ ఊరి బయట అయ్యనార్ గుడికి తీసుకుపోతారు. కొట్టిన ఇనుమును అక్కడి మట్టిగుర్రం ముందుకాలి కింద పాతిపెడతారు. ఇద్దరూ ఆ మట్టి మీద అరచేతులు ఆనిస్తారు. ఆ తరువాత ఆ సంగతి ఎవరూ నోటెత్తకూడదు. ఎత్తినవాడి ఇంటికి ఇనుము తిరిగి వస్తుంది. కుమారసామి కట్టుకట్టిన చెయ్యి ఆనించాడు. నాచ్చియార్ ఆనించింది. తీరిపోయింది.

తీరిపోయిందనే అందరూ అనుకున్నారు. కోర్టు సమన్లు వస్తే, "అయ్యనార్ ముందర ముగిసినది వీళ్ళెవరు కెలికేదానికి?" అని శంకర పొయ్యిలో పెట్టాడు. అతను జీవితంలో మాట్లాడిన పొడుగు మాటల్లో అదొకటి. పోలీసులొస్తే కుమారసామి స్వయంగా, "ఆమె ఊళ్ళో లేదయ్యా, ఎక్కడికి పోయినాదో" అని పంపేశాడు. దేవుడి దగ్గర కొట్టేసిన కేసు బీరువాలో బతికే ఉంటుందని ఒక్కరికీ తోచలేదు.

శంకర జ్వరంతో పోయాక నాచ్చియార్ రాజపాళయం వచ్చేసింది. సత్రపట్టి దారిలో ఆసుపత్రి కట్టుగుడ్డ చుట్టే షెడ్డులో పనికి కుదిరింది. ఎవరెవరి గాయాలకో తెల్లటి చుట్టలు చుడుతూ దర్శినిని నర్సు చదివించింది. దర్శిని అరుళ్ అనే ఇంజనీరును చేసుకుని, ఏడాదిలో సగం మంచు కురిసే దేశానికి పోయింది. మీరా పుట్టింది. వీడియోలో అల్లుడు నవ్వేవాడు. కూతురు మాత్రం ఎప్పుడూ ఒక పక్క చెంపే చూపించేది. ఎన్ని దెబ్బలు చూసిన కళ్ళో నాచ్చియార్‌వి, ఆ ఒక్కటీ చూడలేకపోయాయి.

ఒక రోజు ఫోనులో దర్శిని ముఖం బదులు రాసిన మాటలు వచ్చాయి. అరుళ్ ఇస్త్రీపెట్టెతో దవడ పగలగొట్టాడు. పళ్ళను తీగతో కట్టేశారు, మాట రాదు. అతన్ని పోలీసులు పట్టుకుపోయారు. పాపను ప్రభుత్వం ఎవరో తెలియనివాళ్ళ ఇంట్లో పెట్టింది. తల్లి కోలుకునేదాకా రక్తసంబంధం ఉన్నవాళ్ళు వచ్చి దగ్గరుంటే అప్పగిస్తారు. కోర్టు వాయిదా లోపల ఎవరూ రాకపోతే ఆ పరాయి ఇంట్లోనే ఇంకెన్నాళ్ళో. చివర ఒక మాట: "అమ్మా, నువ్వే రావాల. కాని ఇక్కడ చెయ్యెత్తితే పాప ఎప్పటికీ రాదు."

విసా రాయించే రాజకుమార్ ఆఫీసు పాత బస్టాండు దగ్గర. మంచి కుర్రవాడు, నోరు ఎక్కువ.

"అమ్మా, ఈ దేశమోళ్ళు శాన కచ్చితం. ఫోటోలో నవ్వకూడదు."

"నేను ఎప్పుడు నవ్వినాను నాయినా?"

"చెవులు కనపడాల. పది వేళ్ళూ ముద్ర పడాల, ఒక్కటి తగ్గినా తిప్పి పంపిస్తారు. అప్పురం, బిడ్డను చూసుకునేదానికి పోతుండారు గదా, మీరు ఎవరినీ కొట్టినవాళ్ళు కాదు అని పోలీసు సర్టిఫికెట్టు కావాల. మీకేమి, అది లేసుగా, చిటికెలో వస్తాది."

రాలేదు. పోలీసుల కంప్యూటరు పాత బీరువాను తెరిచింది. మరిదిని కాదు, మామను కాదు, మొగుడి అన్ననే నరికిన కేసు. కోర్టుకు రానందుకు వారంటు. రాజకుమార్ ఆ రోజు నోరు మూసుకుని, ఆమె కూర్చున్న కుర్చీకి కొంచెం దూరంగా జరిగి, చిత్ర అనే వకీలు దగ్గరికి పంపాడు.

చిత్ర కేసు కట్ట తెప్పించి చదివి, ఆ రోజు జరిగినది నాచ్చియార్ నోట విన్నది. "వారంటు రద్దు చేయిస్తాను. పాత కేసులు తీర్చాలని కోర్టుకే తొందరగా ఉంది, తొందరగానే ఎత్తుకుంటారు. కాని దెబ్బ తిన్న ఆయన వచ్చి చెప్పాలమ్మా."

"కొట్టలేదని చెప్పాలా?"

"అబద్ధం నేను అడగను. నువ్వు కొట్టినది చెప్పనీ. తాను పార ఎత్తినది కూడా చెప్పాల. తమ్ముణ్ణి చంపబోతే అడ్డం కొట్టినావంటే చట్టం నిన్ను వదిలిపెడుతుంది. అది చెప్పకపోతే నువ్వు ఊరికే నరికినదానివి."

అప్పుడు తెలిసింది నాచ్చియార్‌కు, గుర్రం కాలి కింద ఇనుముతోపాటు ఏం పూడిపోయిందో. ఊళ్ళో అందరికీ కుమారసామి మొండి చెయ్యి కనిపిస్తోంది. ఎత్తిన పార కనపడదు. చూసినవాళ్ళు ముగ్గురు: ఒకడు పోయాడు, ఒకతె నోరు కట్టేసుకుంది, మూడోవాడు ఆ మౌనం మీదే పెద్దమనిషై కూర్చున్నాడు.

అలా వచ్చి నిలబడింది ఆ వాకిట్లో. పాత సంగతి నోటెత్తగానే కర్పగం చెయ్యి లేచింది. ఇనుము ఇంటికి తెచ్చావని కొట్టింది. అది తప్పు కూడా కాదు, ఆమె లెక్కలో.

"కోర్టుకు రావాలనా?" అన్నాడు కుమారసామి. "నా తమ్ముణ్ణి చంపబోతినని నా నోటితో చెప్పాలనా? ఊరు చూస్తా ఉంటే?"

"ఆమా, బావా."

"నీ బిడ్డ కోసరం."

"నా బిడ్డకు బిడ్డ కోసరం. మీ తమ్ముడి మనమరాలు. వాళ్ళ నాయిన ఇస్త్రీపెట్టె ఎత్తినప్పుడు అడ్డం కొట్టేదానికి ఎవరూ లేరు బావా అక్కడ."

కుక్క అలిసి పడుకుంది. కుమారసామి లేచి తువ్వాలు తలకు చుట్టాడు. "మాట ఎత్తినావు. ఇనుము బయటికి రావాల. రా, నడు. పార తే కర్పగం."

అయ్యనార్ గుడి దగ్గర మట్టిగుర్రాలు వరసగా పళ్ళికిలించి నిలబడి ఉన్నాయి. రంగు పోయిన ఆ గుర్రం ముందుకాలి కింద కుమారసామి తవ్వాడు. పార చేతబట్టిన బావను చూసి నాచ్చియార్ ఒక అడుగు వెనక్కి వేసింది. అరువాళు బయటపడింది. పిడి చెదలు తినేసింది, ఇనుము మీద తుప్పు పొరలు కట్టింది. అయినా మొన ఇంకా మొనే. దాన్ని అక్కడి బలిరాతికేసి నూరాడు. ఆ గరగర శబ్దానికి కర్పగం చెవులు మూసుకుంది.

"పెట్టు చెయ్యి," అన్నాడు. "నా రెండు వేళ్ళకు నీ రెండు వేళ్ళు. అప్పురం వస్తాను కోర్టుకు. ఒట్టు."

నాచ్చియార్ చెయ్యి రాతి మీద పెట్టింది. పెట్టి, మళ్ళీ తీసేసింది. అతను అసహ్యంగా నవ్వబోయాడు.

"భయం కాదు బావా. విసా ఆఫీసులో పది వేళ్ళూ అడుగుతారంట. ఒక్కటి తగ్గినా తిప్పి పంపిస్తారంట. ముద్రలయినంక కావాలంటే వచ్చి పెడతాను, అన్నీ తీసుకో. ఇప్పుడు కావాలంటే మణికట్టుకు పైన ఎక్కడైనా కొట్టు." ఎడమ చెయ్యి తిప్పి, ముంజేయి రాతికి ఆనించింది. "తెగిపోకుండా కొట్టు. అంతే అడుగుతాను."

"అయ్యో, వద్దయ్యా!" అంది కర్పగం. చెంపలు పగలగొట్టిన మనిషే.

కుడి చేతి పట్టు చాలక కుమారసామి అరువాళు ఎడమ చేతికి మార్చుకున్నాడు. ఎత్తాడు. నాచ్చియార్ కళ్ళు మూయలేదు. తండ్రి నేర్పిన పాఠం ఒంట్లో ప్రతి నరంలోనూ అరిచింది: ముందు నువ్వు కొట్టు, ముందు నువ్వు కొట్టు. ఆమె కుడి చెయ్యి తనంతట తాను లేచింది. దాన్ని తొడ కింద వేసుకుని, దాని మీద కూర్చుంది.

దెబ్బ పడింది. మొద్దు ఇనుము తెగ్గొట్టలేదు, చీల్చింది. మోచేతి దిగువ కండ విచ్చుకుని తెల్లటిది ఏదో కనిపించి, అంతలోనే ఎర్రబడి మునిగిపోయింది. గుర్రం కాళ్ళ మీద నెత్తురు చిమ్మింది. నాచ్చియార్ నోట్లోంచి వచ్చిన చప్పుడు పొట్ట చీలిన కుక్క చేసిన చప్పుడులాంటిదే.

అరువాళు మళ్ళీ లేవలేదు. కుమారసామి దాన్ని వదిలేసి గుర్రం పక్కన కూలబడి వాంతి చేసుకున్నాడు. కర్పగం నాచ్చియార్ సంచిలోంచి షెడ్డు కట్టుగుడ్డ చుట్ట లాగి, పళ్ళతో చింపి, ఏడుస్తూ తిడుతూ చుట్టింది. "పాపాత్మురాలా, ఇది నువ్వు చుట్టినదేనా, ఇంత పల్చగా ఉండాదేమే, ఎంత చుట్టినా ఊరుతుండాదే!"

"గట్టిగా కట్టుక్కా," అంది నాచ్చియార్. "పల్చనిదే గట్టిగా కడితే నిలుస్తాది."

కుమారసామి మూతి తుడుచుకున్నాడు. ఎవరూ అడగకుండానే చెప్పాడు: "పార ఎత్తినప్పుడు వాడు అన్నా అని కూడా అనలేదు. కింద నుంచి ఊరికే చూసినాడు. కొట్టు, అన్నట్ల. ఇన్నాళ్ళూ నిద్రలో అదే చూపు. నువ్వు నరికినది నాకు ఒక్క పొద్దు కూడా కలలో రాలేదు."

ఆసుపత్రిలో నాచ్చియార్, మామిడికొమ్మ కొడుతుంటే చెయ్యి జారిందని చెప్పింది. కుట్లు వేసిన డాక్టరు ఆ తెగిన వంపు చూసి, ఆమె ముఖం చూసి, రాసుకున్నాడు. చిటికెన వేలు, పక్క వేలు వంగిపోయాయి. నరం దెబ్బతింది, వాటికి ఇక స్పర్శ రాకపోవచ్చు అన్నాడు. అవే రెండు వేళ్ళు. ఆ మాట విన్నప్పుడు పక్కన నిలబడిన కర్పగం, అయ్యనార్ గుడి ఉన్న దిక్కు తిరిగి చేతులు జోడించింది. ఎందుకో ఆమెకే తెలియాలి.

కోర్టు హాల్లో చోళపురం సగం వచ్చి కూర్చుంది. కుమారసామి బోను ఎక్కి, మూడు వేళ్ళ చెయ్యిని కమ్మీ మీద పెట్టాడు.

"ఈమే కొట్టినాది," అన్నాడు. జనం గుసగుసలాడారు. "ఎందుకు కొట్టినాదో కూడా రాసుకోండి. నేను మా తమ్ముణ్ణి బురదలో తొక్కి, తల పగలగొట్టేదానికి పార ఎత్తినాను. ఈమె కొట్టకుండా ఉంటే ఆ పొద్దే వానికి కొరివి పెట్టేది."

"కోపంలో బెదిరించారా, నిజంగా చంపాలనేనా?" అని అడిగాడు జడ్జి.

"కోపం లేకుండా ఎవరయ్యా చంపుతారు? చంపేదానికే ఎత్తినాను."

వెనక బెంచీలో కర్పగం కొంగు ముఖాన కప్పుకుంది. కుమారసామి కొడుకు లేచి బయటికి వెళ్ళిపోయాడు; ఆ తరువాత తండ్రితో చాలాకాలం మాట్లాడలేదని చెబుతారు. తీర్పు వచ్చిన రోజు కుమారసామి కోర్టుకు రాలేదు. నాచ్చియార్ మీద కేసు కొట్టేశారు. పోలీసు కాగితం వచ్చింది.

మిగిలింది ముద్రలు. చెన్నైలో, చల్లటి గదిలో, గాజుపలక ముందు నిలబెట్టారు. కుడి చెయ్యి పడింది. ఎడమ చెయ్యి మూడు వేళ్ళూ పడ్డాయి. వంగిపోయిన రెండు వేళ్ళూ గాజును తాకడం లేదు. తెర మీద ఎర్ర గుర్తు.

"చాపి పెట్టండి అమ్మా," అంది గాజుకు అవతలి అమ్మాయి.

ఎర్ర గుర్తు.

"ఇంకో చేత్తో నొక్కకూడదు. రాకపోతే డాక్టరు కాగితంతో ఇంకో రోజు రావాల్సి ఉంటుంది."

ఇంకో రోజు అంటే వాయిదా దాటిపోతుంది. నాచ్చియార్ కుడి చేతిని మళ్ళీ వెనక్కి పెట్టుకుంది. ముందుకు వంగి ఒంటి బరువంతా ఎడమ ముంజేతి మీద మోపింది. నూరుడు రాయి గింజ మీదికి ఒరిగినట్టు మెల్లగా ఒరిగింది. పొడుగు చేతుల జాకెట్టు లోపల, చీము పట్టి మళ్ళీ వేసిన కుట్టు ఒకటి పటుక్కుమంది. తరువాత ఇంకొకటి. వెచ్చగా ఏదో మోచేతి వైపు పాకింది. వంగిన వేళ్ళు ఒక్కో పిసరే చాపుకుని గాజుకు అంటుకున్నాయి.

"ఆ, అట్లే ఉంచండి," అంది ఆ అమ్మాయి తెరను చూస్తూ. "కదలొద్దు... అయింది. పచ్చ. చూశారా, ఎంత ఈజీనో."

"ఆమా, పాపా," అంది నాచ్చియార్, పళ్ళు కరుచుకుని.

విసా వచ్చింది. వాయిదా నాటికి ఆమె ఆ మంచుదేశంలో, ఉన్నికోటు లోపల వణుకుతూ, ఒక ఆఫీసు గదిలో కూర్చుని ఉంది. దవడకు తీగలతో దర్శిని పక్కన. ఎవరో తెల్లావిడ మీరాను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, కాగితం మీద సంతకం పెట్టించుకుని, గుమ్మం దగ్గర వదిలింది. అమ్మను చూసి పరిగెత్తి వచ్చిన పాప, పక్కనున్న కొత్త మనిషిని చూసి ఆగింది. కళ్ళ మీద పడిన దాని జుట్టు సవరిద్దామని నాచ్చియార్ చెయ్యెత్తింది.

పాప రెండు చేతులూ తల మీద పెట్టుకుని నేలమీద కుంచించుకుపోయింది.

నాచ్చియార్ చెయ్యి గాల్లోనే ఆగింది. మెల్లగా దించి, రెండు అరచేతులూ పైకి తిప్పి బల్ల మీద పరిచి, అలాగే కూర్చుంది. దర్శినికి మాట రాదు. గదిలో వేడిగాలి యంత్రం చప్పుడొక్కటే. ఎంతోసేపటికి పాప లేచి, దగ్గరికి వచ్చి, ఆ చేతుల్ని చూసింది. ఒక్కొక్క వేలే ముట్టి చూసింది. చివరికి వంగిన చిటికెన వేలిని పిడికిట పట్టుకుని వదల్లేదు.

ఆ వేలికి స్పర్శ లేదు. పాప పట్టుకున్నదని నాచ్చియార్ కళ్ళతో చూసి తెలుసుకుంది.